అక్కను మెజెస్టిక్‌లో ‘అబాండన్’ చేసిన అమ్మాయి

ప్రశ్న: బెంగళూరు కృష్ణరాజపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. బీకాం ఫస్టియర్, 58 మంది. సగానికి పైగా మన అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చి పీజీ హాస్టళ్లలో ఉంటున్నవాళ్లే. మిగతావాళ్లు కన్నడ, తమిళం, కొద్దిమంది హిందీ. రోజుకు పది మాటలు బోర్డు మీద రాసి పక్కన తెలుగు అర్థం, కన్నడ అర్థం చెబుతాను. శనివారం టెస్టులో పదికి ఎనిమిది, తొమ్మిది తెచ్చుకుంటారు. రెండు వారాలు పోయాక అవే మాటలు అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సొంత వాక్యం రాయమంటే ఇంకా ఘోరం. ‘అబాండన్ అంటే వదిలిపెట్టు’ అని చెప్పాను, ఒకమ్మాయి ‘ఐ అబాండన్డ్ మై సిస్టర్ ఎట్ మెజెస్టిక్’ అని రాసింది. తెలుగు అర్థం చెప్పడమే తప్పా? అంతా ఇంగ్లిష్‌లోనే చెప్పాలా? సెమిస్టర్‌కి 500 మాటలు పూర్తి చేయాలని పైనుంచి ఒత్తిడి వేరే ఉంది. ఆ వాక్యానికి మార్కు వేయాలో వద్దో కూడా తేలట్లేదు.
— ఒక అధ్యాపకురాలు, బెంగళూరు

జవాబు: ఆ అమ్మాయి మీరు చెప్పిన అర్థాన్ని నమ్మింది, అంతే. ఊరికి పోయే అక్కను మెజెస్టిక్ బస్టాండులో వదిలిపెట్టి వచ్చింది. వదిలిపెట్టడం అంటే అబాండన్ అని మీరే చెప్పారు. లెక్క సరిపోయింది, అక్క మాత్రం దిక్కులేనిదైపోయింది.

తెలుగు చెప్పడం తప్పు కాదమ్మా, తెలుగు దగ్గరే ఆగిపోవడం తప్పు. తెలుగు మాట వల్ల తలుపు తెరుచుకుంటుంది. లోపల ఏ గోడ ఎక్కడుందో చూపించడం మిగిలే ఉంటుంది. పూర్తిగా ఇంగ్లిష్‌లోనే చెబుదామని చూస్తే, ‘అబాండన్’ను వివరించడానికి ఇంకో నాలుగు తెలియని మాటలు వాడాల్సి వస్తుంది. పిల్లలు వెనక బెంచీలో ఫోన్ తీసి యాప్‌లో చూసుకుంటారు. అక్కడ కనపడేదీ ‘వదిలిపెట్టు’ అన్న ఆ ఒక్క మాటే.

కాబట్టి ముందు ‘వదులు’నే విప్పండి. బోర్డు మీద తెలుగు వాక్యాలు రాయండి: అక్కను బస్టాండులో వదిలాను. మావయ్య సిగరెట్లు వదిలేశాడు. ఈరోజు కావేరీ నీళ్లు వదల్లేదు. ఆ మాట ఇక వదిలెయ్. పసిబిడ్డను ఆస్పత్రి మెట్ల మీద వదిలేసి పోయారు. బిల్డరు అపార్ట్‌మెంటును సగంలో వదిలేశాడు. ఆరు వాక్యాల్లోనూ తెలుగు క్రియ ఒకటే. ఇంగ్లిష్‌లో మొదటిదానికి డ్రాప్, రెండోదానికి గివప్ లేదా క్విట్, మూడోదానికి రిలీజ్, నాలుగోదానికి మళ్లీ డ్రాప్. చివరి రెండింటికే అబాండన్ అతుకుతుంది. కన్నడ పిల్లలను అడగండి, వాళ్ల ‘బిడు’ కూడా బస్టాండులో దింపడానికీ సిగరెట్ మానడానికీ పనికొస్తుంది. తమిళంలో ‘విడు’ అంతే. అంటే మీ క్లాసులో ముగ్గురు మూడు భాషల్లోంచి వచ్చి ఒకే గుంటలో పడుతున్నారు. బెంగళూరు క్లాసులో మీకున్న సౌకర్యం ఇదే. తెలుగువాళ్లు ఒక్కళ్లే ఉన్న ఊళ్లో ఈ పోలిక ఇంత తేలిగ్గా దొరకదు.

తరవాత గడుల పట్టిక గీయండి. అడ్డంగా మూడు ప్రశ్నలు: వదిలేసినవాడికి దాని మీద బాధ్యత ఉందా? తిరిగొచ్చే ఉద్దేశం ఉందా? వదిలేసినదానికి దిక్కు లేకుండా పోయిందా? నిలువుగా లీవ్, డ్రాప్, క్విట్, అబాండన్. పిల్లలతోనే ప్లస్సులు, మైనస్సులు వేయించండి. అబాండన్‌కు బాధ్యత ప్లస్, తిరిగి రావడం మైనస్, దిక్కులేమి ప్లస్. డ్రాప్‌కు దాదాపు అన్నీ తలకిందులు. కొన్ని గడుల దగ్గర వాదన వస్తుంది. లీవ్‌కు ఏం వేయాలి? ‘సందర్భాన్ని బట్టి’ అని తేలుతుంది, ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి. ఆ వాదనలోనే మాట బుర్రలోకి దిగుతుంది. వాన పడి క్రికెట్ మ్యాచ్ రద్దయితే టీవీలో ‘మ్యాచ్ అబాండన్డ్’ అని పడుతుందని ఎవరో ఒక కుర్రాడు తప్పకుండా అంటాడు. బాగా పట్టాడు. రేపు కొనసాగుతుందంటే ఆ మాట వాడరు, ఇక ఆట లేదన్నప్పుడే వాడతారు. పట్టికలో రెండో గడి అదే చెబుతోంది.

దీనికి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. అన్ని మాటలకూ ఇంత అక్కర్లేదు. ‘ఇన్‌వాయిస్’కు పట్టిక గీస్తూ కూర్చోకండి, ఒక కాగితం చూపిస్తే చాలు. తెలుగు మాట ఇంగ్లిష్ మాటకంటే బాగా వెడల్పుగా ఉన్నచోటే ఈ శ్రమ. చెప్పు, చూడు, విను, పట్టు, వేయు లాంటివి. ‘వేయు’కైతే హద్దే లేదు. లైటు వేస్తాం, తలుపు వేస్తాం, ఓటు, ముగ్గు, ప్రశ్న, విత్తనం, చివరికి చొక్కా కూడా వేసుకుంటాం. కన్నడ ‘హాకు’ లైటుకూ తలుపుకూ రెండింటికీ పనిచేస్తుంది. తమిళంలో లైటుకు ‘పోడు’ అంటారుగానీ తలుపుకు అనరు, మూయడమే. ‘పుట్ ద ఫ్యాన్’ ఎక్కడినుంచి వస్తోందో ఇది చూశాక పిల్లలకే తెలుస్తుంది. గ్రామర్ రూల్ చెప్పి ఆ తప్పు మాన్పించడం చాలా కష్టం.

ఒక జాగ్రత్త. ఈ పట్టికలో కొత్తమాట ఒక్కటే ఉండాలి. లీవ్, డ్రాప్ వాళ్లకు ముందే తెలుసు కాబట్టే అబాండన్ పక్కన పెట్టాం. నాలుగూ కొత్తవైతే నాలుగూ కలగాపులగం అవుతాయి. పాఠ్యపుస్తకాలు చేసే పెద్ద పొరపాటు ఇదే: పర్యాయపదాలన్నీ ఒక పెట్టెలో, వ్యతిరేకపదాలన్నీ జంటలుగా ఇస్తాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, గుర్తుపెట్టుకోవడానికి శత్రువు. 1990ల్లో టింకమ్, వేరింగ్ అనే పరిశోధకులు విడివిడిగా పరీక్షించి చూశారు. ఒకే కోవకు చెందిన కొత్తమాటలను ఒకేసారి నేర్చుకోవడానికి, సంబంధంలేని మాటలకంటే ఎక్కువ సమయం పట్టింది. బారో, లెండ్ రెండూ ఒకేరోజు చెప్పారనుకోండి, మూడో ఏడాదిలో కూడా ‘లెండ్ మీ’ అనాల్సినచోట ‘బారో మీ’ అంటూనే ఉంటారు. మనకు రెండింటిలోనూ ‘అప్పు’ ఉంది, తీసుకోవడం ఇవ్వడం తరవాతి మాటలో తేలుతుంది. కాబట్టి ఈ వారం బారో ఒక్కటే, ‘ఫ్రమ్’తో అంటించి చెప్పండి. అది కుదురుకున్నాక, రెండు మూడు వారాలకు, లెండ్ తీయండి.

హద్దు తరవాత చూపాల్సింది స్నేహం. మాట ఎవరితో తిరుగుతుందో చూసి దాన్ని తెలుసుకోవాలని 1957లో జె.ఆర్. ఫర్త్ అనే భాషాశాస్త్రవేత్త అన్నాడు. ఆయన లండన్‌లో ఆచార్యుడు కాకముందు లాహోరులో ఇంగ్లిష్ చెప్పినవాడే. మీ బీకాం పిల్లలకు దీనికి మంచి ఉదాహరణ ‘ఇన్‌కర్’. అకౌంట్స్ పుస్తకం నిండా ఉంటుంది. ‘ఇన్‌కర్ అంటే పొందు’ అని చెబితే ‘ద కంపెనీ ఇన్‌కర్డ్ ప్రాఫిట్’ అని రాస్తారు. లాస్, ఎక్స్‌పెన్స్, డెట్, పెనాల్టీ, ఎవరిదైనా కోపం, ఇవే దాని చుట్టాలు. ప్రాఫిట్ దాని గడప తొక్కదు. తెలుగులో ‘మీద పడటం’ అనుకుంటే దగ్గరగా ఉంటుంది: ఖర్చు మీద పడుతుంది, లాభం మీద పడదు. ప్రతి కొత్తమాటకూ మూడు చుట్టాలను రాయించండి, ఒక్క పరాయివాణ్ని కూడా రాయించండి. ఆ నాలుగోది చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో అర్థం అసలు అక్కడే తెలుస్తుంది.

ఇక పిల్లలు తెలుసనుకునే మాటల సంగతి. వీటి గురించి మీరు రాయలేదుగానీ బీకాంలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. కరెంట్, ఫంక్షన్, టెన్షన్, ఇష్యూ, బ్యాలెన్స్. ఇవన్నీ తెలుగైపోయాయి, అదే చిక్కు. కరెంట్ అంటే పోయి వచ్చేది. అలాంటప్పుడు ‘కరెంట్ అసెట్స్’ ఏమిటి? మూలం ఒకటే, పరుగెత్తడం అన్న లాటిన్ మాట. తీగలో పారుతున్నదీ కరెంటే, ఇప్పుడు నడుస్తున్నదీ కరెంటే. మనం ‘నడుస్తున్న ఏడాది’ అంటాం కదా, సరిగ్గా అదే. ఏడాది లోపల డబ్బుగా మారేవి కరెంట్ అసెట్స్ అని అప్పుడు చెప్పండి, బట్టీ పట్టక్కర్లేదు. ఇష్యూ కూడా అంతే. బయటికి రావడం అన్న మూలార్థం పట్టుకుంటే షేర్ల ఇష్యూ, పత్రిక ఇష్యూ, నోటీసు ఇష్యూ చేయడం, చర్చకు బయటపడ్డ ఇష్యూ నాలుగూ ఒక తాడు మీదికి వస్తాయి. అప్రిషియేట్ మాత్రం మెచ్చుకోవడమని తెలిసినవాళ్లకు ‘రుపీ అప్రిషియేటెడ్’ దగ్గర బుర్ర తిరుగుతుంది. విలువ తెలుసుకోవడం, విలువ పెరగడం అని ‘విలువ’ను మధ్యలో పెట్టండి.

ఉపసర్గలతో అర్థం పట్టించడం మంచిదే, కానీ మితంగా. మనవాళ్లకు సంస్కృతం నుంచి వచ్చిన ఆసరా ఉంది: పునర్నిర్మాణంలో ‘పునః’ ఎలాంటిదో రీకన్‌స్ట్రక్షన్‌లో ‘రీ’ అలాంటిది, ఉపరాష్ట్రపతిలో ‘ఉప’ పక్కన వైస్ ప్రెసిడెంట్‌లో ‘వైస్’. కానీ ముందు ‘ఇన్’ ఉన్నంత మాత్రాన ‘లేనిది’ అని కాదు: ఇన్‌వాల్యుబుల్ అంటే విలువలేనిది కాదు, ఇన్‌ఫ్లేమబుల్ అంటే మండనిది కాదు. ఈ రెండూ అదేరోజు చెప్పేయండి, లేకపోతే పరీక్షలో చెబుతారు వాళ్లే.

సందర్భాన్ని బట్టి ఊహించమనే సలహా మీకు ఎవరో ఇచ్చే ఉంటారు. అది పనిచేయాలంటే పేజీలో మిగతా మాటలు తెలిసుండాలి. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే నూటికి 98 మాటలు తెలిసుండాలని 2000లో హూ, నేషన్ అనే పరిశోధకులు తేల్చారు. 300 మాటలున్న పేజీలో ఆరు తెలియకపోతే ఫర్వాలేదు, ముప్పై తెలియకపోతే అది ఊహ కాదు, లాటరీ. ఒక పేజీ ఇచ్చి తెలియని మాటల కింద గీత గీయమనండి. లెక్కపెడితే ఆ పాఠం మీ క్లాసుకు తగినదో కాదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఏ మాటలు చెప్పాలి? అక్షరక్రమంలో వెళ్లే పుస్తకాల్లో అబాండన్ మొదటిది కాబట్టి దేశంలో సగం క్లాసులు దానితోనే మొదలవుతాయి. వాడుకలో దాని స్థానం అంత ముందు లేదు. 2000లో అవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు కాలేజీ పుస్తకాల్లో తరచూ వచ్చే 570 పదకుటుంబాలను (ఒక మాట, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) ఏరి, వాడుక ఎక్కువున్నవి ముందుండేలా పది భాగాలు చేసింది. అబాండన్ అందులో ఎనిమిదో భాగంలో ఉంది. మొదటి భాగంలో అస్యూమ్, కాంట్రాక్ట్, ఇన్‌కమ్, ఇష్యూ లాంటివి ఉన్నాయి. దానికీ ముందు మెట్టు 1953లో మైఖేల్ వెస్ట్ ఇచ్చిన సుమారు 2000 మాటల జాబితా. ఆయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణలో పనిచేసినవాడు, కాబట్టి మన పిల్లల కష్టం కొంత తెలిసినవాడే. మీ పిల్లలకు ఆ 2000లోనే ఖాళీలుంటే కాక్స్‌హెడ్ జోలికి ఇప్పుడే పోవద్దు. ఈ రెండింటిలో ఏదో ఒకదానిలో ఉండి, మీ కామర్స్ పాఠాల్లో కూడా కనపడేవి ముందు తీయండి.

500 గురించి సూటిగా చెప్పాలి. రెండు కుప్పలు చేయండి: చూస్తే గుర్తుపట్టాల్సినవి, చేత్తో వాడాల్సినవి. సెమిస్టర్‌లో పరీక్షలు తీసేస్తే 14 వారాలు పాఠం జరుగుతుందనుకుందాం. వారానికి ఎనిమిది చొప్పున 112 మాటలు వాడే కుప్పలోకి వెళ్తాయి, వాటికే పట్టికలు, చుట్టాలు. మిగతావి వారానికి 28 చొప్పున గుర్తుపట్టే కుప్పలోకి. వీటికి ఒక తెలుగు మాట, ఒక వాక్యం చాలు, క్లాసులో సమయం ఇవ్వక్కర్లేదు. పైవాళ్లకు 500 లెక్క దక్కుతుంది. ఇది కప్పదాటు అనుకోకండి. ఎవరి సొంత భాషలోనైనా గుర్తుపట్టే మాటలు ఎక్కువ, వాడేవి తక్కువ.

వారం ఇలా నడపండి. సోమవారం నాలుగు మాటలు, బుధవారం నాలుగు, శుక్రవారం కొత్తవి ఏమీ వద్దు, పాతవి అడగడమే. ఎనిమిదే ఎందుకంటే, ఒక ఏ4 కాగితాన్ని మూడుసార్లు మడిచి చింపితే ఎనిమిది ముక్కలు వస్తాయి. పిల్లవాడికి వారానికి ఒక్క కాగితం, అంతే ఖర్చు. ముందువైపు ఇంగ్లిష్ మాట, మూల మీద తారీఖు. వెనకవైపు తెలుగు లేదా కన్నడ అర్థం, హద్దు చెప్పే ఒక ముక్క, ముగ్గురు చుట్టాలు, ఒక పరాయివాడు. పలుకుబడి కూడా సొంత లిపిలో రాసుకోనివ్వండి, కానీ మీరు పలికాకే. ‘డెబ్ట్’ అని రాసుకున్నవాడు ఇంటర్వ్యూదాకా బి పలుకుతూనే ఉంటాడు.

ముక్కలకు మూడు కవర్లు. కొత్త ముక్కలన్నీ మొదటి కవర్లో, దాన్ని రోజూ చూడాలి. చెప్పగలిగిన ముక్క రెండో కవర్లోకి, అది మూడు రోజులకొకసారి. అక్కడా చెప్పగలిగితే మూడోదానిలోకి, అది పదిహేను రోజులకొకసారి. తప్పితే ఏ కవర్లో ఉన్నా మొదటికే. 1970ల్లో జర్మనీలో లైట్నర్ చెప్పిన పెట్టె పద్ధతే ఇది. ఫోన్లో ఆంకీ అనే యాప్ ఇలాంటిదే తనంతట తాను చేస్తుంది, కానీ వేరేవాళ్లు తయారుచేసిన ముక్కలు దింపుకుంటే ఫలితం సగమే. ముక్క రాసేటప్పుడే సగం చదువు అవుతుంది. ఇంకో చెడ్డ అలవాటు, వెనకవైపు చూసి ‘ఆఁ, నాకు తెలుసు’ అనుకోవడం. తిప్పకముందే నోటితో చెప్పాలి, తప్పైనా సరే. పీజీలో పక్క మంచం పిల్ల అడిగితే ఇంకా మంచిది.

రెండు వారాలకు ఎందుకు మరిచిపోతున్నారో ఇక్కడే ఉంది. మీ శనివారం టెస్టు ఆ వారం మాటలనే అడుగుతోంది, బహుశా బోర్డు మీద రాసిన వరసలోనే. శుక్రవారం రాత్రి చదివి శనివారం ఒలకబోస్తారు. ఆ తరవాత ఎవరూ అడగరు. ఒక్కసారి నేర్చినది ఎంత వేగంగా జారిపోతుందో 1885లోనే ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త తన మీద తనే ప్రయోగం చేసుకుని చూపించాడు. టెస్టును మార్చండి: పదిలో నాలుగు ఈ వారంవి, నాలుగు పోయిన వారంవి, రెండు నెల కిందటివి. వరస కలిపేయండి. మొదటి రెండు టెస్టుల్లో మార్కులు నాలుగుకు, ఐదుకు పడిపోతాయి. పిల్లలు గొడవ చేస్తారు, పైనుంచి ఫోన్ కూడా రావచ్చు. పాత తొమ్మిదిలో ఎంత నిజముందో ఈ నాలుగు చెబుతోందని ముందే చెప్పిపెట్టుకోండి.

ప్రశ్నల రకం కూడా మారాలి. ‘అర్థం రాయండి’ పదిలో రెండు చాలు. రెండు ఖాళీ పూరించేవి. మూడు పరాయివాణ్ని పట్టేవి: ఇన్‌కర్ ఎ లాస్, ఇన్‌కర్ ఎ పెనాల్టీ, ఇన్‌కర్ ఎ బోనస్, ఏది అతకదు? చివరి మూడు తెలుగు లేదా కన్నడ వాక్యం ఇచ్చి, నేర్చుకున్న మాట అక్కడ వాడొచ్చా లేదా, ఎందుకో ఒక ముక్కలో చెప్పమనేవి. హిందీ పిల్లలకు ఆ వాక్యం ఇంగ్లిష్‌లో సందర్భంగా ఇవ్వండి. దిద్దడానికి 58 పేపర్లు ఎక్కువే. ఆ మూడు ప్రశ్నలు మాత్రం మీరు దిద్ది, మిగతా ఏడు పేపర్లు మార్చి పిల్లలతో దిద్దించండి.

మెజెస్టిక్ వాక్యానికి ఒక మార్కు ఉంటే అర వేయండి. భూతకాలం సరిగ్గా ఉంది, కర్మ ఉంది, ‘ఎట్’ కూడా సరిగ్గా పడింది. అబాండన్ కింద గీత గీసి, పక్కన ‘బస్సెక్కాక అక్క ఫోన్ చేసిందా?’ అని రాయండి. చేసిందంటే డ్రాప్. వచ్చే సోమవారం బోర్డు మీద మొదటి వాక్యంగా అదే పెట్టుకోండి, ఆ అమ్మాయి పేరు చెప్పకుండా.